కన్ను పొరబడిన చోట నమూనా కూడా పొరబడాలి: మెదడు కదలికను చూసే తీరుకు కంప్యూటర్ నమూనా కట్టే పద్ధతి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వంటి ఊళ్ళలో పెరిగే మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో ఒడియా చదివి, కళాశాలకు వెళ్ళాక ఇంగ్లీషు పుస్తకాలతో కుస్తీ పడతారు. మెదడును గణితంతో అర్థం చేసుకోవడం అనేసరికి అది ఎక్కడో పెద్ద నగరాల ప్రయోగశాలల పని అనుకుని పక్కకు తప్పుకుంటారు. తప్పుకోనక్కరలేదు. ఇంటర్‌లో చదివిన త్రికోణమితి, కాస్త పైథాన్, ఒక మామూలు ల్యాప్‌టాప్, ఒక ఫోను ఉంటే చాలు. మెదడు కదలికను ఎలా పసిగడుతుందో చెప్పే నమూనాను పునాది నుంచి సొంతంగా కట్టుకోవచ్చు. ఆ దారిని ఇక్కడ మెట్టు మెట్టుగా రాస్తున్నాను.

పని మొదలుపెట్టే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. రెటీనాలోని గ్రాహక కణానికి కదలిక అంటే తెలియదు. తన మీద పడే వెలుగు పెరిగిందా, తగ్గిందా అన్నదే దానికి తెలుసు. పక్కపక్క కణాల సమాచారాన్ని పోల్చి, కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకుని, కదలికను తర్వాతి కణాలు తయారు చేసుకుంటాయి. ఆ తయారీ ఆగిపోతే ఏమవుతుందో 1983లో జోసెఫ్ జీల్, ఆయన సహచరులు ప్రచురించిన ఒక రోగి కథ చెబుతుంది. మెదడు వెనుక భాగం రెండు వైపులా దెబ్బతిన్న ఆమెకు రంగులు, ఆకారాలు, మనుషుల ముఖాలు అన్నీ కనబడేవి. కదలిక మాత్రం కనబడేది కాదు. కప్పులోకి పోస్తున్న టీ గడ్డకట్టిన ధారలా కనిపించేది. దూరంగా ఉన్న కారు ఉన్నట్టుండి దగ్గర ప్రత్యక్షమయ్యేది. కదలికను చూడడానికి మెదడు ప్రత్యేకంగా పని చేస్తుందనడానికి ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం అక్కరలేదు.

వీడియోలో వస్తువులు ఎటు కదిలాయో కనిపెట్టే ప్రోగ్రాములు ఇప్పటికే ఉన్నాయి కదా అని మీరు అడగవచ్చు. ఉన్నాయి. లూకస్–కనాడే పద్ధతి, హార్న్–షుంక్ పద్ధతి రెండూ 1981 నాటివి. వాటి లక్ష్యం నిజమైన కదలికను కనిపెట్టడం. మన లక్ష్యం వేరు. మనిషి కన్ను సరిగ్గా చూసిన చోట మన నమూనా సరిగ్గా చూడాలి, పొరబడిన చోట అదే విధంగా పొరబడాలి. అందుకే ప్రతి మెట్టులోనూ ఒక భ్రమను పరీక్షగా పెట్టుకుందాం. భ్రమను చూపలేని నమూనా ఎంత కచ్చితంగా లెక్క కట్టినా అది మెదడు నమూనా కాదని నా అభిప్రాయం.

కావలసిన సాఫ్ట్‌వేర్ ఇది: పైథాన్, దానికి తోడుగా నంపై, సైపై, మ్యాట్‌ప్లాట్‌లిబ్, ఓపెన్‌సీవీ అనే లైబ్రరీలు, చివరి మెట్టుకు సైకోపై. ఇవన్నీ ఉచితం. వానాకాలంలో నెట్ సతాయించే ఊళ్ళలో ఉన్నవాళ్ళు ఆన్‌లైన్ నోట్‌బుక్కుల మీద ఆధారపడకుండా ముందే ల్యాప్‌టాప్‌లో ఎక్కించుకోవడం మేలు.

మొదటి మెట్టు: కదలికను బొమ్మగా మార్చడం

లెవెల్ క్రాసింగ్ దగ్గర గేటు పడినప్పుడు, గేటుకు ఇవతలే సురక్షితమైన దూరంలో నిలబడి, ఫోనును ఏదైనా గోడ మీదో స్తంభానికో కదలకుండా ఆనించి, వెళుతున్న గూడ్సు బండిని 10 సెకన్లు వీడియో తీయండి. కోరాపుట్ వైపు వాళ్ళకు కిరండూల్ గనుల నుంచి ఇనుప ఖనిజం మోసుకొచ్చే గూడ్సులు దొరుకుతాయి. పొడవైన బండి, ఒకేలాంటి వ్యాగన్లు, స్థిరమైన వేగం. మన పనికి ఇంతకన్నా మంచి వస్తువు లేదు.

సెకనుకు 30 ఫ్రేముల వీడియో అయితే 300 ఫ్రేములు వస్తాయి. వాటిని నలుపు తెలుపులోకి మార్చి, ప్రతి ఫ్రేము నుంచి వ్యాగన్ల మధ్య ఎత్తులో ఉండే ఒకే ఒక్క అడ్డు వరుస పిక్సెళ్ళను తీసుకోండి. మొదటి ఫ్రేము వరుస పైన, రెండో ఫ్రేము వరుస దాని కింద, ఇలా 300 వరుసలను పేర్చి ఒకే బొమ్మగా చూడండి. అందులో అడ్డంగా ఉన్నది స్థలం, పై నుంచి కిందికి దిగేది కాలం.

ఆ బొమ్మను కాసేపు తీరికగా చూడండి. ఇవతల ఉన్న గేటు స్తంభం నిట్టనిలువు గీతగా ఉంటుంది, ఎందుకంటే అది ప్రతి ఫ్రేములోనూ అదే చోట ఉంది. వ్యాగన్ల అంచులు, వాటి మధ్య ఖాళీలు ఏటవాలు చారలుగా ఉంటాయి. బండి కుడికి వెళితే చారలు కుడికి వాలతాయి, ఎడమకు వెళితే ఎడమకు. వేగం ఎక్కువైతే చార మరింత పడుకుంటుంది. ఒక వ్యాగన్ అంచు 80 వరుసలు దిగేసరికి 640 పిక్సెళ్ళు జరిగి ఉంటే, దాని వేగం ఫ్రేముకు 8 పిక్సెళ్ళు, అంటే సెకనుకు 240 పిక్సెళ్ళు.

ఈ మార్గదర్శిలోని అసలు కీలకం ఇదే. స్థలాన్నీ కాలాన్నీ ఒకే బొమ్మగా పరిస్తే కదలిక అంటే వాలు. వాలిన గీతను గుర్తించగలిగిన యంత్రం ఏదైనా కదలికను గుర్తించగలదు. 1985లో ఎడ్వర్డ్ అడెల్సన్, జేమ్స్ బెర్గెన్ తమ నమూనాను ఈ చూపు మీదే నిర్మించారు.

ఇక ప్రయోగాలకు కృత్రిమమైన చారలు కావాలి. 200 పిక్సెళ్ళ వెడల్పు, 1,000 కాలపు మెట్లు ఉన్న అర్రే, అంటే సంఖ్యల పట్టిక, తయారు చేయండి. ఒక్కో కాలపు మెట్టు 10 మిల్లీసెకన్లు. ప్రతి చోట విలువ కొసైన్ ప్రకారం మారాలి, సగటు సున్నా ఉండాలి. తరంగదైర్ఘ్యం 20 పిక్సెళ్ళు, వేగం మెట్టుకు 0.8 పిక్సెల్. అప్పుడు ఒక చోట నిలబడి చూస్తే 25 మెట్లకు ఒక ఆవర్తనం పూర్తవుతుంది, అంటే సెకనుకు 4 సార్లు, 4 హెర్ట్జ్.

తెర మీది పిక్సెళ్ళను కంటి కొలతల్లోకి మార్చుకోవడానికి ఒక సులువుంది. కంటికి 57 సెంటీమీటర్ల దూరంలో ఉన్న 1 సెంటీమీటరు దాదాపు 1 డిగ్రీ కోణం చేస్తుంది. చివరి మెట్టులో మనుషుల మీద పరీక్ష చేసేటప్పుడు తెరను ఈ దూరంలోనే పెట్టండి.

రెండో మెట్టు: రెండు కళ్ళు, ఒక ఆలస్యం

ఇప్పుడు మొదటి డిటెక్టర్. దీన్ని 1956లో జీవశాస్త్రవేత్త బెర్న్‌హార్డ్ హాసెన్‌స్టైన్, భౌతిక శాస్త్రవేత్త వెర్నర్ రైకార్ట్ ఒక ముక్కుపురుగు మీద చేసిన ప్రయోగాల నుంచి ప్రతిపాదించారు. పురుగును వీపు దగ్గర పట్టి ఉంచి, దాని చుట్టూ చారల గోడను తిప్పి, కాళ్ళ కింది గడ్డి గోళం మీద అది ఎటు తిరగబోతోందో లెక్కించారు.

సూత్రం మన నాగావళి మీద బాగా అర్థమవుతుంది. రాయగడ దగ్గర ఒకరు, దిగువన తోటపల్లి బ్యారేజీ దగ్గర మరొకరు నీటిమట్టం చూస్తున్నారనుకోండి. రాయగడలో మట్టం పెరిగిన కబురును వెంటనే వాడకుండా కొన్ని గంటలు చేతిలో ఉంచుకుని, తోటపల్లి నుంచి వచ్చే కబురుతో కలిపి చూస్తాం. రెండూ ఒకేసారి ‘పెరిగింది’ అంటే వరద ఎగువ నుంచి దిగువకు, మనం అనుకున్న వేగంతో వచ్చినట్టే. ఉంచుకున్న గంటలు మరీ ఎక్కువైనా మరీ తక్కువైనా రెండు కబుర్లూ కలవవు. అంటే ఆలస్యం ఎంత పెడితే ఆ వేగానికే డిటెక్టర్ బాగా స్పందిస్తుంది.

కోడ్‌లో ఇలా చేయండి. 5 పిక్సెళ్ళ ఎడంలో రెండు స్థానాలు తీసుకోండి, ఎడమ, కుడి. ఒక్కోదానికి ఆలస్యపు రూపం తయారు చేయాలి. దానికి ప్రతి మెట్టులోనూ పాత ఆలస్యపు విలువకు, ఇప్పటి సంకేతానికీ పాత విలువకూ ఉన్న తేడాలో నాలుగో వంతు కలపండి. దీని కాల స్థిరాంకం 4 మెట్లు, 40 మిల్లీసెకన్లు. తర్వాత రెండు గుణకారాలు: ఆలస్యపు ఎడమ × ఇప్పటి కుడి, ఆలస్యపు కుడి × ఇప్పటి ఎడమ. మొదటి దానిలోంచి రెండోది తీసివేసి, మొదటి 100 మెట్లు వదిలేసి మిగతా కాలానికి సగటు కట్టండి.

కుడికి కదిలే చారలకు సగటు దాదాపు 0.43 రావాలి. ఎడమకు కదిలిస్తే −0.43. చారలు నిలిచిపోతే సున్నా. కాగితం మీద లెక్క వేసుకునేవారికి సూత్రం ఇది: సగటు స్పందన రెండు అంశాల లబ్ధం. మొదటిది, స్థానాల ఎడాన్ని తరంగదైర్ఘ్యంతో భాగించి, 360 డిగ్రీలతో గుణించి తీసిన సైన్. రెండోది, కోణీయ పౌనఃపున్యం × కాల స్థిరాంకం అనే సంఖ్యను, 1 + ఆ సంఖ్య వర్గంతో భాగించగా వచ్చేది. 40 మిల్లీసెకన్లకు, 4 హెర్ట్జ్‌కు ఇది 0.5 చూపుతుంది. మనకు 0.43 రావడానికి కారణం 10 మిల్లీసెకన్ల మెట్టు మరీ పెద్దది కావడం. మెట్టును 1 మిల్లీసెకనుకు తగ్గించి, మెట్ల సంఖ్య పదింతలు పెంచి, వేగాన్ని, కలిపే వంతును అదే నిష్పత్తిలో తగ్గించి చూడండి, 0.49 వస్తుంది. ఇలాంటి తేడా కనబడినప్పుడు దాటేసి వెళ్ళకండి. సూత్రానికీ కోడ్‌కూ మధ్య తేడా ఎందుకు వచ్చిందో తెలిస్తేనే తర్వాత నమూనాకూ మనిషికీ మధ్య తేడాను నమ్మగలుగుతాం.

ఇక ఈ డిటెక్టర్ ఎక్కడ పొరబడుతుందో చూద్దాం. తరంగదైర్ఘ్యాన్ని 7 పిక్సెళ్ళకు తగ్గించి, కుడికే కదిలించండి. స్పందన రుణాత్మకం అవుతుంది, ఎడమకు కదులుతోందని చెబుతుంది. స్థానాల మధ్య ఎడానికి రెట్టింపు కన్నా తరంగదైర్ఘ్యం తక్కువైతే ఏ చార ఎక్కడికి వచ్చిందో దానికి తెలియదు. కీటకాలు కూడా మరీ సన్నని చారలకు ఇలాగే తిరగబడతాయి. ఆ పొరపాటు కనిపించడమే నమూనాకు బలం.

రెండో పొరపాటు మరింత ముఖ్యం. తరంగదైర్ఘ్యాన్ని 20, 30, 40గా మారుస్తూ, ఒక్కోదానికి వేగాన్ని పెంచుతూ స్పందన గీత గీయండి. ఎక్కువ స్పందన ఒకే వేగం దగ్గర రాదు, ఒకే పౌనఃపున్యం దగ్గర, సుమారు 4 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. అంటే ఇది వేగాన్ని కొలిచే మీటరు కాదు. చారల సాంద్రత మారితే దాని తీర్పు మారుతుంది. ఈగలు చూసే తీరులోనూ ఈ లక్షణం ఉంది. ఈగ మెదడులో ఈ పని చేసే కణాలను టీ4, టీ5 అంటారు. వెలుగు పెరిగే అంచులకు టీ4, తగ్గే అంచులకు టీ5.

కుందేలు రెటీనాలో 1965లో హొరేస్ బార్లో, విలియం లెవిక్ చూపిన విధానం కాస్త వేరు. అక్కడ ఇష్టమైన దిశను గుణకారంతో పెంచడం కన్నా, ఇష్టం లేని దిశ నుంచి వచ్చే సంకేతాన్ని ఆలస్యంగా వచ్చే నిరోధంతో అణచివేయడం ప్రధానం. గుణకారం బదులు ‘ఇది ఉండి, అది లేకపోతే’ అనే నియమం పెట్టి డిటెక్టర్‌ను మళ్ళీ రాసి చూడటం మంచి అభ్యాసం.

మూడో మెట్టు: తిరగబడే కదలిక

ఈ మెట్టు చిన్నదే. కానీ దీన్ని వదలకండి. 5 పిక్సెళ్ళ వెడల్పున్న నలుపు, తెలుపు పట్టీలను యాదృచ్ఛికంగా పేర్చండి. ప్రతి 4 మెట్లకు ఒకసారి మొత్తం వరుసను 5 పిక్సెళ్ళు కుడికి జరపండి. నమూనా కుడి అని చెబుతుంది. ఇప్పుడు జరిపిన ప్రతిసారీ నలుపును తెలుపుగా, తెలుపును నలుపుగా మార్చండి. నమూనా ఎడమ అని చెబుతుంది.

ఇదే వరుసను తెర మీద నడిపించి మీరే చూడండి. మనిషి కంటికి కూడా కదలిక వెనక్కి పోయినట్టు కనబడుతుంది. స్టూవర్ట్ ఆన్స్టిస్ 1970లో దీన్ని వివరించాడు. పట్టీలను గుర్తుపట్టి, వాటి వెంట కన్ను వెళుతుందని అనుకునే సిద్ధాంతానికి ఇది కొరకరాని కొయ్య. వెలుగునీడల గుణకారంతో నడిచే సిద్ధాంతానికి సహజంగా వచ్చే ఫలితం.

నాలుగో మెట్టు: కదలిక శక్తి

క్షీరదాల మెదడుకు దగ్గరగా వెళ్ళాలంటే రెండు బిందువులు చాలవు. డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీజెల్ పిల్లి మెదడులోని దృష్టి కార్టెక్సులో (మెదడు పైపొరలో చూపును చూసుకునే భాగంలో) చూసిన కణాలు కొంత విశాలమైన ప్రాంతాన్ని చూస్తాయి, వాటిలో చాలా కణాలు ఒక దిశకే స్పందిస్తాయి. ఆ పరిశోధనలకు వాళ్ళకు 1981లో నోబెల్ వచ్చింది. అలాంటి కణానికి గణిత రూపం వాలిన ఫిల్టర్, అంటే వెలుగు విలువలను ఒక్కో బరువుతో గుణించి కూడే సంఖ్యల పట్టిక.

స్థలంలో రెండు ఫిల్టర్లు చేయండి. రెండింటికీ తరంగదైర్ఘ్యం 20 పిక్సెళ్ళు, గాసియన్ (గంట ఆకారపు గీత) వెడల్పు 6 పిక్సెళ్ళు. ఒకటి కొసైన్‌తో, రెండోది సైన్‌తో. మొదటిదాన్ని సరి, రెండోదాన్ని బేసి అందాం. కాలంలోనూ రెండు ఫిల్టర్లు, ఒకటి చురుకైనది, ఒకటి నిదానమైనది. అడెల్సన్, బెర్గెన్ వాడిన రూపంలో కాలాన్ని ఒక స్థిరాంకంతో గుణించి, ఆ సంఖ్యను ఒక ఘాతానికి పెంచి, e ని మైనస్ అదే సంఖ్య ఘాతానికి పెంచి దానితో గుణించి, దాన్ని మళ్ళీ ఒక బ్రాకెట్‌తో గుణిస్తారు. బ్రాకెట్‌లో ఉండేది: ఘాతం ఫాక్టోరియల్‌తో 1ని భాగించగా వచ్చినదానిలోంచి, ఆ సంఖ్య వర్గాన్ని (ఘాతం + 2) ఫాక్టోరియల్‌తో భాగించి తీసివేయగా మిగిలేది. చురుకైన ఫిల్టర్‌కు ఘాతం 3, నిదానమైనదానికి 5. స్థిరాంకాన్ని మార్చి చూస్తూ 4 హెర్ట్జ్ దగ్గర గరిష్ఠ స్పందన వచ్చేలా కుదుర్చుకోండి.

స్థల కాల ఫిల్టర్లను జతపరిస్తే నాలుగు ఫలితాలు వస్తాయి. వాటిని ఇలా కలపండి. ఒక దిశకు: సరి చురుకు + బేసి నిదానం, బేసి చురుకు − సరి నిదానం. రెండో దిశకు: సరి చురుకు − బేసి నిదానం, బేసి చురుకు + సరి నిదానం. ఒక్కో దిశలోని రెండు సంఖ్యలనూ వర్గం చేసి కూడితే ఆ దిశ శక్తి వస్తుంది. ఏ జత కుడికి, ఏది ఎడమకు అన్నది మీ కోడ్‌లో గుర్తుల మీద ఆధారపడుతుంది కాబట్టి తెలిసిన చారలతో సరిచూసుకోండి. చివరగా కుడి శక్తిలోంచి ఎడమ శక్తిని తీసివేయండి.

వర్గం చేసి కూడటంలో ఉపయోగం ఏమిటంటే, చార ఆ క్షణంలో ఫిల్టర్ కింద నల్లగా ఉందా తెల్లగా ఉందా అన్నదానితో పని లేకుండా శక్తి నిలకడగా ఉంటుంది. శక్తిని కాలం వెంట గీసి చూస్తే ఆరంభపు తడబాటు తర్వాత గీత దాదాపు సమంగా సాగాలి. అలా కాకుండా ఎగుడుదిగుడుగా ఉంటే మీ చురుకు, నిదానం ఫిల్టర్ల మధ్య దశల తేడా 90 డిగ్రీలకు దూరంగా ఉందని అర్థం. పిల్లి కార్టెక్సులోని సంక్లిష్ట కణాల స్పందన ఈ శక్తి లెక్కకు బాగా సరిపోతుందని 1992లో ఎమర్సన్, బెర్గెన్, అడెల్సన్ చూపించారు. తగిన ఫిల్టర్లు పెడితే రెండో మెట్టులోని రైకార్ట్ డిటెక్టర్, ఈ తీసివేత శక్తి చివరి ఫలితంలో ఒకటే అవుతాయి. మూడో మెట్టు పరీక్షను దీని మీద కూడా నడపండి, తిరగబడాలి.

ఐదో మెట్టు: జలపాతం పక్కన పైకి పోయే రాయి

మాచ్‌ఖండ్ నది మీది దుడుమ జలపాతానికి వెళ్ళినప్పుడు పడే నీటి మధ్యలో ఒకే చోట చూపు నిలిపి, దాదాపు ఒక నిమిషం అలాగే చూడండి. వెంటనే పక్కనున్న బండ మీదికి చూపు మార్చండి. బండ పైకి పోతున్నట్టు కనబడుతుంది, కానీ ఉన్న చోటనే ఉంటుంది. రెండూ ఒకేసారి నిజంగా అనిపించడం ఇందులోని వింత. పారే నదిని చూశాక కదలని వస్తువులు కదిలినట్టు కనబడటాన్ని అరిస్టాటిల్ ప్రస్తావించాడు. స్కాట్లాండులోని ఫోయర్స్ జలపాతం దగ్గర రాబర్ట్ ఆడమ్స్ దీన్ని గమనించి 1834లో ప్రచురించాడు. దుడుమ దాకా వెళ్ళలేనివారు వానాకాలంలో నాగావళి వంతెన మీద కటకటాల వెనుక నుంచి చూసినా సరిపోతుంది.

1963లో బార్లో, హిల్ కుందేలు రెటీనాలో కారణం చూపించారు. ఇష్టమైన దిశలో చాలాసేపు కదలిక చూసిన కణం, కదలిక ఆగాక, తన మామూలు స్థాయి కన్నా కిందికి పడిపోతుంది. ఎదుటి దిశ కణం మామూలుగానే ఉంటుంది. తీసివేతలో అది గెలుస్తుంది.

నమూనాలో ఇలా పెట్టండి. శక్తిని కుడి చారలకు 1 వచ్చేలా సరిచేయండి. ప్రతి దిశ శక్తికి నేపథ్య స్థాయిగా 0.1 కలపండి. ప్రతి దిశకు ఒక సున్నితత్వం ఉంటుంది, మొదట 1. అది చేరాలనుకునే విలువ: 1ని, 1 + మొత్తం శక్తికి రెండింతలతో భాగించగా వచ్చేది. 5 సెకన్ల కాల స్థిరాంకంతో దాన్ని చేరుతూ ఉంటుంది. 20 సెకన్లు కుడికి కదిలించి ఆపేయండి. కుడి సున్నితత్వం దాదాపు 0.33కి దిగి, ఎడమది 0.84 దగ్గర ఉంటుంది. మిగిలింది నేపథ్యం ఒక్కటే కాబట్టి తీసివేత −0.05 చూపుతుంది. కదలని బొమ్మ ఎడమకు పోతున్నట్టు నమూనా చెబుతోంది. ఆ తర్వాత కొన్ని సెకన్లలో అది క్రమంగా సున్నాకు చేరుతుంది.

అయితే ఇక్కడ ఒక చోట నమూనా మనిషితో విడిపోతుంది. జలపాతం చూశాక కళ్ళు మూసుకుని అరనిమిషం ఆగి తెరవండి. భ్రమ ఇంకా కొంత కనబడుతుంది. కేవలం కాలంతో కరిగిపోయే మన సున్నితత్వం ఈపాటికి పూర్తిగా కోలుకుని ఉండాలి. మెదడులో కోలుకోవడానికి ఏదో చూడటం అవసరమవుతున్నట్టుంది. తెర చీకటిగా ఉన్నప్పుడు కోలుకునే వేగాన్ని తగ్గించే నియమం ఒకటి మీరే రాసి చూడండి.

ఆరో మెట్టు: చారల తువ్వాలు, గళ్ళ తువ్వాలు

అట్టముక్కలో రూపాయి నాణెమంత రంధ్రం కత్తిరించండి. దాని వెనుక చారల తువ్వాలును చారలు ఏటవాలుగా ఉండేలా పట్టుకుని అడ్డంగా జరపండి. రంధ్రం గుండా చూసేవారికి అది అడ్డంగా కాక, చారకు లంబంగా, ఏటవాలుగా జరిగినట్టు కనబడుతుంది. చార వెంట జరిగిన కదలిక రంధ్రంలో కనబడదు మరి. కార్టెక్సులోని ప్రతి కణం చూసేదీ ఇలాంటి చిన్న రంధ్రం గుండానే. హాన్స్ వాలాక్ 1935లోనే దీన్ని లోతుగా పరిశీలించాడు.

ఇప్పుడు గళ్ళ తువ్వాలు పెట్టి జరపండి. కదలిక సరిగ్గా కనబడుతుంది. ఎందుకంటే రెండు రకాల చారలు రెండు షరతులు ఇస్తాయి. ఒక చారకు లంబ దిశ 45 డిగ్రీలు, లంబ వేగం 2. రెండో దానికి −45 డిగ్రీలు, వేగం 2 అనుకోండి. సమీకరణాలు: 0.707 అడ్డువేగం + 0.707 నిలువువేగం = 2, 0.707 అడ్డువేగం − 0.707 నిలువువేగం = 2. సాధిస్తే అడ్డువేగం 2.83, నిలువువేగం 0. చారలు విడివిడిగా చెప్పినదాని కన్నా తువ్వాలు వేగంగా, సూటిగా పక్కకు పోతోంది.

అడెల్సన్, ఆంథొనీ మోవ్‌షన్ 1982లో కంప్యూటర్ గళ్ళతో ఈ ప్రశ్నను ముందుకు తెచ్చారు. 1985లో మోవ్‌షన్ బృందం కోతి మెదడులో చూసింది: తొలి దృష్టి కార్టెక్సులో కణాలు విడి చారల కదలికనే చెబుతాయి. కదలికకు ప్రత్యేకించిన ఎంటీ అనే ప్రాంతంలో మాత్రం కొన్ని కణాలు మొత్తం గళ్ళ కదలికను చెబుతాయి. ఎంటీ కణాలు మొదట చారకు లంబ దిశ చెప్పి, సుమారు 60 మిల్లీసెకన్లలో అసలు దిశకు మారతాయని 2001లో పాక్, బోర్న్ కనుగొన్నారు.

మీ కోడ్‌లో 12 దిశల్లో వాలిన శక్తి ఫిల్టర్లను పెట్టి, ఒక్కో దిశ ఇచ్చే లంబ వేగాన్ని షరతుగా తీసుకుని కనిష్ఠ వర్గాల పద్ధతితో, అంటే తేడాల వర్గాల మొత్తం అతి తక్కువయ్యేలా, ఒకే వేగం కట్టండి.

ఏడో మెట్టు: పొగమంచులో నెమ్మదించే లోకం

పై పద్ధతికి ఒక లోపం ఉంది, ప్రతి షరతునూ సమానంగా నమ్ముతుంది. సాలూరు నుంచి సుంకి ఘాట్ మీదుగా పొట్టంగి, కోరాపుట్ వైపు చలికాలం ఉదయం ప్రయాణించినవారికి తెలుసు, పొగమంచులో అంచులన్నీ పల్చబడతాయి. పల్చటి అంచు ఇచ్చే సమాచారాన్ని తక్కువగా నమ్మాలి. నమ్మకం తగ్గినప్పుడు మెదడు దేని మీద ఆధారపడుతుంది? యాయిర్ వైస్, ఈరో సిమొన్‌సెల్లి, అడెల్సన్ 2002లో ఇచ్చిన సమాధానం: లోకంలో చాలావరకు వస్తువులు నిలకడగానో నెమ్మదిగానో ఉంటాయన్న ముందస్తు అంచనా మీద.

లెక్క తేలిక. ఒకే చార అయితే, అంచనా వేగం = కొలిచిన వేగం × కొలత మీద నమ్మకం ÷ (కొలత మీద నమ్మకం + ముందస్తు నమ్మకం). నమ్మకం అంటే నాయిస్ (కొలతలో యాదృచ్ఛికంగా వచ్చే పొరపాటు పరిమాణం) వర్గంతో 1ని భాగించగా వచ్చేది. ముందస్తు నమ్మకం 1 అనుకుందాం. కొలిచిన వేగం 2. స్పష్టమైన చారకు నాయిస్ 0.2 అయితే అంచనా 1.92. పల్చటి చారకు నాయిస్ 1 అయితే అంచనా 1.0. సగానికి సగం.

మసకగా ఉన్న చారలు నెమ్మదిగా కనబడతాయని పీటర్ థాంప్సన్ 1982లోనే చూపాడు. పొగమంచును అనుకరించిన డ్రైవింగ్ ప్రయోగంలో చోదకులు తెలియకుండానే వేగం పెంచుతారని 1998లో స్నోడెన్ బృందం ప్రచురించింది. కానీ 2012లో ప్రెట్టో బృందం దూరం పెరిగే కొద్దీ దట్టమయ్యే పొగమంచును, అంటే నిజమైనదానికి దగ్గరగా ఉన్నదాన్ని, పెట్టి చూస్తే ఫలితం తిరగబడింది, చోదకులు వేగం తగ్గించారు. ఈ రెండు ఫలితాలనూ మీ నమూనాకు పెట్టి చూడండి. తెరంతా సమానంగా పల్చబరిస్తే ఒక జవాబు, దూరపు భాగాన్ని మాత్రమే పల్చబరిస్తే మరొకటి రావాలి. ఘాట్ రోడ్డు మీద మాత్రం కంటిని కాక స్పీడోమీటర్‌ను నమ్మండి, ఇది నమూనాకు సంబంధం లేని సలహా.

రెండు షరతులతో మరింత అందమైన పరీక్ష ఉంది. సన్నని సమచతుర్భుజం అడ్డంగా వేగం 1తో కదులుతోంది, దాని అంచుల లంబ దిశలు 40, 50 డిగ్రీలు. లంబ వేగాలు 0.766, 0.643. నాయిస్ 0.02 అయితే నమూనా చెప్పే దిశ 1 డిగ్రీ లోపే, దాదాపు అడ్డంగా. నాయిస్‌ను 0.5కి పెంచితే దిశ 41 డిగ్రీలకు వాలిపోతుంది, వేగం 0.63కి తగ్గుతుంది. మనుషులు కూడా మసక సమచతుర్భుజాన్ని ఏటవాలుగానే చూస్తారు. ఒకే నియమం వేగంలోని భ్రమను, దిశలోని భ్రమను కలిపి వివరించడం వల్లే ఈ నమూనా అంటే నాకు ఇంత గౌరవం. ఎక్కువ వేగాల్లో మసక చారలు ఉన్నదాని కన్నా వేగంగా కనిపించే సందర్భాలను మాత్రం ఇది వివరించలేదు.

ఎనిమిదో మెట్టు: ఇంట్లోవాళ్ళతో పోల్చడం

ఇక నమూనాను మనుషుల పక్కన నిలబెట్టాలి. సైకోపైతో చుక్కల గుంపు తయారు చేయండి. కొంత శాతం చుక్కలు ఒకే వైపు కదులుతాయి, మిగిలినవి ఎటుపడితే అటు ఎగురుతాయి. శాతాలు 0, 3.2, 6.4, 12.8, 25.6, 51.2. ఒక్కో స్థాయికి కనీసం 40 సార్లు, వరుస కలగాపులగంగా. చూసేవారు తెర మధ్య గుర్తు మీదే చూపు నిలిపి, కుడి, ఎడమల్లో ఒకటి చెప్పి తీరాలి. ‘తెలియదు’ అనే జవాబు ఉండకూడదు. అమ్మ, తమ్ముడు, పక్కింటి పిల్లలు ఎవరైనా సరే. వాళ్ళకు ముందుగా 50 శాతం దగ్గర అలవాటు చేయించండి, అలసిపోతే ఆపండి.

1989లో న్యూసమ్, బ్రిట్టెన్, మోవ్‌షన్ ఇలాంటి చుక్కలతోనే, ఎంటీలోని ఒక్క కణం సున్నితత్వం మొత్తం కోతి సున్నితత్వానికి దీటుగా ఉంటుందని చూపించారు. మరుసటి ఏడాది సాల్జ్‌మన్ బృందం ఆ ప్రాంతంలో సన్నని విద్యుత్తు ఇచ్చి కోతి తీర్పును ఆ కణాలు ఇష్టపడే దిశకు మళ్ళించింది.

అవే వీడియోలను, అదే యాదృచ్ఛిక బీజసంఖ్యతో (చుక్కలు మళ్ళీ అవే చోట్ల పడేలా చేసే సంఖ్యతో), నాలుగో మెట్టు నమూనాకు పెట్టండి. ప్రతి అడ్డు వరుసకూ తీసివేత శక్తి కట్టి, వరుసలన్నీ కూడి, కాలం వెంట పోగు చేయండి. ప్రతి మెట్టులో కొద్దిపాటి నాయిస్ కలపండి. పోగు ధన హద్దును ముందుగా తాకితే కుడి, రుణ హద్దును తాకితే ఎడమ. తాకడానికి పట్టిన కాలమే నమూనా ప్రతిస్పందన కాలం. దీన్ని మనుషుల ప్రతిస్పందన కాలంతో పోల్చేటప్పుడు వేలు కదిలించడానికి పట్టే కాలాన్ని ఒక స్థిరాంకంగా కలుపుకోవాలి.

అడ్డు అక్షం మీద చుక్కల శాతం, నిలువు అక్షం మీద సరైన జవాబుల శాతం పెట్టి, మనుషుల ఫలితాన్ని బిందువులుగా, నమూనాను గీతగా గీయండి. మొత్తం గీత కుడికో ఎడమకో జరిగి ఉంటే నాయిస్ పరిమాణం ఒక్కటే మార్చండి, ఫిల్టర్లను ముట్టుకోకండి. జవాబులు సరిపోయినా ప్రతిస్పందన కాలాలు సరిపోకపోతే హద్దు ఎత్తు మార్చండి. ఈ రెండింటితోనూ కుదరకపోతే అప్పుడు నాలుగో మెట్టుకు వెళ్ళి కాలపు ఫిల్టర్ స్థిరాంకాన్ని సవరించండి. ప్రతి మార్పుకూ తేదీ వేసి, పాత గీతను చెరపకుండా పక్కనే ఉంచండి. చూసినవాళ్ళ పేర్లు కాక ఒకటి, రెండు, మూడు అనే అంకెలే ఫైల్లో రాయండి. ఆ తర్వాత అదే చుక్కలను సగం కాంట్రాస్టులో (వెలుగునీడల తేడాను సగానికి తగ్గించి) మళ్ళీ చూపించి, ఏడో మెట్టు నమూనా ముందే చెప్పిన గీత మీద బిందువులు ఎక్కడ పడతాయో చూడండి.